కంది నూర్పిడి మిషన్: పొట్టు కుప్పలో మీ పంట ఎంత పోతోందో తేల్చుకోండి ఇలా

డిసెంబరు, జనవరి వచ్చిందంటే తాండూరు, జహీరాబాద్, నారాయణఖేడ్ వైపు పల్లెల్లో కళ్ళాలన్నీ కంది కట్టెలతో నిండిపోతాయి. ఆ తర్వాత కర్నూలు, నంద్యాల వైపు నల్లరేగళ్ళలో శనగ నూర్పిడి షురూ అవుతుంది. ఇంట్లో దాల్చా అయినా, ఖిచిడీ అయినా, రంజాన్‌లో హలీమ్ అయినా అందులో పడే పప్పు ముందు ఏదో ఒక కళ్ళంలో కాయ నుంచి బయటికి రావాల్సిందే. ఒకప్పుడు కర్రలతో కొట్టి, పశువులతో తొక్కించి, గాలికి తూర్పార పట్టేవాళ్ళు. ఇప్పుడు ఆ పనంతా మోటారు మిషన్ చేస్తోంది.

మిషన్ వచ్చిన రోజు కళ్ళంలో మొదట వినపడే ప్రశ్న ఒక్కటే: "భయ్యా, గంటకు ఎన్ని బస్తాలు తీస్తది?" మిషన్ ఓనరు ఒక అంకె చెప్తాడు. బేరం అయిపోతుంది. సాయంత్రానికి బస్తాలు కుట్టేస్తారు, పొట్టు పశువులకు పోతుంది. ఆ పొట్టులో ఎంత గింజ కలిసిపోయింది, బస్తాలో ఎంత గింజ బద్దలైంది, విత్తనానికి పక్కన పెట్టిన కందుల్లో ఎన్ని మొలకెత్తవు అనేది ఎవరూ చూడరు. ఆ నష్టానికి రసీదు ఉండదు కాబట్టి అది లెక్కలోకి రాదు.

2025–26 సీజన్‌కు కేంద్రం కందికి ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,000 రూపాయలు. అంటే కిలో 80 రూపాయలు. క్వింటాలుకు ఒక్క కిలో గాలికి కొట్టుకుపోయినా, 20 క్వింటాళ్ళు పండించిన రైతుకు 1,600 రూపాయలు పొట్టులోకి పోయినట్టే. అటు మిషన్ కొని కిరాయికి తిప్పుదామనుకునే యువకుడికి కూడా ఇదే లెక్క అవసరం. ఒక ఊళ్ళో "ఆ మిషన్ గింజ పలగ్గొడతది" అని పేరు పడితే, పక్క ఊరి నుంచి కూడా ఫోన్ రాదు.

ఈ లెక్క తేల్చడానికి ల్యాబు అక్కర్లేదు. మూడు నాలుగు పట్టాలు, ఒక పెద్ద కాటా, గ్రాములు చూపించే చిన్న కాటా, ఒక చేట, ఒక ఫోన్ స్టాప్‌వాచ్, అరపూట ఓపిక ఉంటే చాలు.

పప్పు గింజ గోధుమ లాంటిది కాదు

పప్పు జాతి గింజ లోపల రెండు బద్దలుగా ఉంటుంది. ఆ రెండింటినీ పైన పొట్టు పట్టి ఉంచుతుంది. కందిపప్పు, శనగపప్పు తయారయ్యేది ఆ రెండు బద్దలు విడిపోవడం వల్లనే. మిల్లులో మనకు కావాల్సిందే అది, కానీ కళ్ళంలో అదే నష్టం. డ్రమ్ము దెబ్బ కాస్త గట్టిగా తగిలితే గింజ బద్దలైపోతుంది. బద్దలైన గింజకు పురుగు తొందరగా పడుతుంది, మార్కెట్‌లో ధర తగ్గుతుంది, విత్తనంగా అసలు పనికిరాదు.

ఇంకో ఇబ్బంది కంది కట్టెతో. వరిగడ్డి, గోధుమగడ్డి మెత్తగా ఉంటాయి. కంది మాను అలా కాదు, గట్టి కట్టె. మొదలు దగ్గర లావుగా ఉన్న చెట్టును మొత్తంగా తోస్తే మోటారు మీద ఒక్కసారిగా బరువు పడుతుంది, డ్రమ్ము వేగం పడిపోతుంది, కాయలు విడవకుండానే బయటికి వస్తాయి. ఆ బరువు దిగగానే వేగం మళ్ళీ పెరిగి గింజ పగులుతుంది. ఒకే మిషన్, ఒకే గంటలో రెండు తప్పులూ చేస్తుంది.

మిషన్ లోపల ఏం జరుగుతుంది?

సాధారణ మోటారు నూర్పిడి మిషన్‌లో నాలుగు భాగాలు గుర్తుపెట్టుకుంటే చాలు. ఒకటి, పంట తోసే తొట్టి. రెండు, మేకుల్లాంటి పళ్ళున్న డ్రమ్ము, దాని కింద అర్ధచంద్రాకారంలో ఉండే ఇనుప జాలి. కాయ ఈ రెండింటి మధ్య నలిగి గింజ విడుస్తుంది. మూడు, పొట్టును ఎగరగొట్టే ఫ్యాను. నాలుగు, ఊగే జల్లెడలు. ఇవి గింజను ఒకవైపు, కట్టె ముక్కల్ని ఇంకోవైపు పంపుతాయి.

సర్దుబాటు చేసేవి కూడా కొన్నే: డ్రమ్ము వేగం, డ్రమ్ముకూ జాలికీ మధ్య సందు, ఫ్యాను గాలి, జల్లెడ కంత సైజు, మనిషి తోసే పంట జోరు. మిషన్ బాగా పనిచేయడం లేదంటే తప్పు చాలాసార్లు ఈ ఐదింటిలోనే ఎక్కడో ఉంటుంది.

డ్రమ్ము వేగాన్ని చక్రాల లెక్కతో తేల్చుకోవచ్చు. మోటారు నిమిషానికి 1,440 చుట్లు తిరుగుతోంది, మోటారు పుల్లీ 4 అంగుళాలు, డ్రమ్ము పుల్లీ 12 అంగుళాలు అనుకుందాం. 1,440ని 4తో గుణించి 12తో భాగిస్తే 480. అంటే డ్రమ్ము నిమిషానికి 480 చుట్లు తిరుగుతుంది. పళ్ళ కొసల దాకా కొలిస్తే డ్రమ్ము అడ్డం 60 సెంటీమీటర్లు ఉందంటే, గింజకు తగిలే దెబ్బ వేగం సెకనుకు దాదాపు 15 మీటర్లు. డ్రమ్ము పుల్లీని 16 అంగుళాలది పెడితే చుట్లు 360కి, దెబ్బ వేగం 11 మీటర్ల చిల్లరకు దిగుతుంది. గోధుమ కోసం బిగించిన వేగంతోనే కంది, శనగ నూరిస్తే బద్దలు ఎక్కువ పడటానికి అసలు కారణం ఇదే.

ముందు చేతుల భద్రత, తర్వాతే గింజ లెక్క

పరీక్ష షురూ చేయక ముందే ఒక విషయం చూడాలి. పోయిన గింజ వచ్చే ఏడాది పండుతుంది, పోయిన చేయి రాదు. మన దేశంలో నూర్పిడి మిషన్ల ప్రమాదాలు ఎంత తీవ్రమంటే, వీటి కోసమే 1983లో పార్లమెంటు ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం తెచ్చింది. పవర్ థ్రెషర్ ఆ చట్టం కిందికి వస్తుంది. నూర్పిడి మిషన్ల భద్రతకు బీఐఎస్ ప్రమాణాలు కూడా విడిగా ఉన్నాయి.

మీరు టేపుతో చూసుకోదగ్గది తోసే తొట్టి. దాని పొడవు కనీసం 90 సెంటీమీటర్లు ఉండాలి. డ్రమ్ము వైపు కనీసం 45 సెంటీమీటర్లు పైన మూత ఉండాలి. మనిషి చేయి డ్రమ్ము దాకా పోకుండా ఆపేది ఈ పొడవూ, ఈ మూతే. "తోయడానికి అడ్డమొస్తోంది" అని ఆ మూతను కోసేసిన మిషన్ ఎంత బాగా నూర్చినా దాన్ని కళ్ళంలోకి రానివ్వకూడదు.

మిగతావి కూడా ఒక్కొక్కటిగా చూడండి. బెల్టులకూ పుల్లీలకూ జాలి కవరు ఉందా? డ్రమ్ము ఎటు తిరగాలో బాణం గుర్తు ఉందా? త్రీ ఫేజు వైర్లు అటూఇటూ అయితే మోటారు తిరగబడి తిరుగుతుంది, కాబట్టి పంట వేయక ముందే ఒక్క క్షణం ఆన్ చేసి దిశ చూడాలి. మోటారుకు ఎర్తింగ్ ఉండాలి. డీజిల్ ఇంజను అయితే పొగ గొట్టం పొట్టు కుప్ప వైపు ఉండకూడదు, ఒక్క నిప్పురవ్వ చాలు.

తోసే మనిషి బట్టలు కూడా ముఖ్యమే. వదులు కుర్తా చేతులు, మెడలో రుమాలు, దుపట్టా, చీర కొంగు, గాజులు, కడియం, ఇవేవీ డ్రమ్ము దగ్గర ఉండకూడదు. ఆడవాళ్ళు కట్టలు అందించొచ్చు గానీ, దుపట్టా వేలాడుతుంటే తొట్టి దగ్గర నిలబడకూడదు. పిల్లల్ని కళ్ళం అవతలే ఉంచాలి. నిద్ర ముంచుకొస్తుంటే, వెలుతురు చాలకపోతే మిషన్ ఆపేయడమే మంచిది. ముక్కుకు గుడ్డ కట్టుకోవడం మరవొద్దు, కంది దుమ్ము గొంతు పట్టేస్తుంది.

పరీక్ష ఎలా చేయాలి?

మొదట మిషన్‌ను పంట లేకుండా ఒక అరగంట తిప్పండి. బేరింగుల మీద చేయి పెట్టలేనంత వేడెక్కుతున్నాయా, బోల్టులు వదులవుతున్నాయా, మిషన్ నేల మీద గెంతుతోందా చూడండి. బేరింగు ముట్టుకునేది మిషన్ పూర్తిగా ఆగాకే. ఖాళీగా తిరిగినప్పుడే వణికే మిషన్ కంది కట్టె పడ్డాక ఇంకా వణుకుతుంది.

తర్వాత పంట. బాగా ఆరిన కట్టలే తీసుకోండి. కాయను చేత్తో నలిపితే టప్పున విచ్చుకోవాలి, గింజను పంటితో కొరికితే మెత్తగా దిగబడకూడదు. తడి ఉన్న కాయ గింజను విడవదు, మరీ ఎండిపోయిన గింజ దెబ్బకు బద్దలవుతుంది. పొద్దున మంచు తడితో ఒక రకంగా, మధ్యాహ్నం ఎండలో ఇంకో రకంగా మిషన్ పనిచేసేది అందుకే. రెండు మిషన్లను పోల్చాలంటే ఒకే కుప్పలోంచి, ఒకే పూట తీసిన పంట వేయాలి. ఒకదానికి పొద్దుటి పంట, ఇంకోదానికి మధ్యాహ్నం పంట వేసి పోల్చడం న్యాయం కాదు.

ఇప్పుడు మిషన్ చుట్టూ పట్టాలు పరవండి. గింజ వచ్చే చోట ఒకటి, పొట్టు ఎగిరి పడే చోట పెద్దది ఒకటి, జల్లెడ చివర కట్టె ముక్కలు రాలే చోట ఒకటి. పొట్టు దూరంగా ఎగురుతుంటే చివర ఒక చీర గానీ దోమతెర గానీ అడ్డం కట్టొచ్చు, కానీ గాలి వెనక్కి తన్నకుండా కాస్త దూరంగా కట్టండి.

రోజూ తోసే మనిషితోనే, రోజూ తోసే జోరుతోనే తోయించండి. పరీక్ష కోసం మెల్లగా తోస్తే వచ్చే అంకె అబద్ధం చెప్తుంది. మిషన్ ఊపందుకున్నాక స్టాప్‌వాచ్ నొక్కి, గింజ మూతి దగ్గర 100 కిలోలు వచ్చేదాకా నడపండి. టైము రాసుకోండి. కరెంటు మోటారైతే మీటరు రీడింగు ముందూ వెనకా రాసుకోవాలి. డీజిల్ అయితే ముందు ట్యాంకు నిండా పోసి, పరీక్ష అయ్యాక మళ్ళీ నిండేదాకా ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో కొలిస్తే ఖర్చు తెలిసిపోతుంది.

మిషన్ ఆగాక మూడు పనులుంటాయి.

ఒకటి, గింజ మూతి దగ్గర వచ్చిన కుప్పను బాగా కలిపి, నాలుగైదు చోట్ల నుంచి కొంచెం కొంచెం తీసి కిలో శాంపిలు చేయండి. దాన్ని చేటలో పోసి మంచి గింజ, పగిలిన గింజ, చెత్త అని మూడు కుప్పలుగా ఏరండి. ఈ పనికి ఇంట్లో రోజూ పప్పు ఏరే అమ్మ, నానీల చేతులను మించిన మిషన్ లేదు. మూడింటినీ చిన్న కాటా మీద తూయండి.

రెండు, పొట్టు పట్టాలో, జల్లెడ పట్టాలో కలిసిపోయిన విడి గింజలను తూర్పార పట్టి వేరు చేసి, విడివిడిగా తూయండి.

మూడు, అన్ని పట్టాల్లోంచి గింజ విడవని కాయలను ఏరి, చేత్తో ఒలిచి, ఆ గింజను తూయండి.

లెక్క ఇలా వేయాలి

అర్థం కావడానికి ఒక ఊహించిన ఉదాహరణ తీసుకుందాం. 5 హార్స్‌పవర్ మోటారు మిషన్, డ్రమ్ము 480 చుట్లతో తిరుగుతోంది. 30 నిమిషాల్లో గింజ మూతి దగ్గర 100 కిలోలు వచ్చింది. కిలో శాంపిలులో 960 గ్రాముల మంచి గింజ, 25 గ్రాముల పగిలిన గింజ, 15 గ్రాముల చెత్త తేలాయి. అంటే 100 కిలోల్లో 96 కిలోల మంచి గింజ, 2.5 కిలోల పగిలినది, 1.5 కిలోల చెత్త. పొట్టులో 1 కిలో, జల్లెడ దగ్గర 300 గ్రాములు, విడవని కాయల్లో 1.2 కిలోల గింజ దొరికింది.

మిషన్‌లోకి పోయిన మొత్తం గింజ ఎంత? చెత్త తీసేస్తే మూతి దగ్గర 98.5 కిలోలు. దానికి 1, 0.3, 1.2 కలిపితే 101 కిలోలు. ఇక ప్రతి నష్టాన్నీ ఈ 101తో భాగించి 100తో గుణించాలి.

పగిలిన గింజ: 2.5 శాతం.
విడవని కాయలు: 1.2 శాతం. అంటే నూర్పిడి సామర్థ్యం 98.8 శాతం.
పొట్టులో పోయింది: 1 శాతం.
జల్లెడ దగ్గర పోయింది: 0.3 శాతం.
మొత్తం నష్టం: దాదాపు 5 శాతం.
శుభ్రత: 98.5 శాతం. కిలో శాంపిలులో గింజ ఎంతుందో అదే.
పని జోరు: గంటకు 200 కిలోలు.

మన దేశంలో థ్రెషర్ల విషయంలో సాధారణంగా చెప్పే హద్దు ఏంటంటే, మొత్తం నష్టం 5 శాతం దాటకూడదు, అందులో పగిలిన గింజ 2 శాతం లోపే ఉండాలి. ఈ ఉదాహరణలో మిషన్ మొత్తం నష్టంలో అంచు మీద పాసయింది గానీ, పగిలిన గింజలో ఫెయిల్ అయింది. "గంటకు రెండు క్వింటాళ్ళు" అని విని సంతోషపడే రైతుకు ఈ సంగతి తెలిసే అవకాశమే లేదు.

ఇప్పుడు అదే మిషన్‌కు పెద్ద పుల్లీ పెట్టి, డ్రమ్మును 360 చుట్లకు దింపి, ఫ్యాను గాలి కాస్త తగ్గించి మళ్ళీ నడిపారనుకుందాం. ఈసారి 100 కిలోలకు 36 నిమిషాలు పట్టింది. పగిలినది 1.2 కిలోలు, పొట్టులో అరకిలో, జల్లెడ దగ్గర 300 గ్రాములు, విడవని కాయల్లో 1.7 కిలోలు, చెత్త 2 కిలోలు. అదే పద్ధతిలో లెక్కేస్తే మొత్తం నష్టం 3.7 శాతానికి, పగిలినది 1.2 శాతానికి దిగాయి. విడవని కాయలు కొంచెం పెరిగాయి, చెత్త కూడా పెరిగింది, పని జోరు గంటకు 167 కిలోలకు తగ్గింది.

ఇక్కడే అసలు విషయం ఉంది. అన్ని అంకెలూ ఒకేసారి బాగుపడవు. వేగం పెంచితే కాయ విడుస్తుంది, గింజ పగులుతుంది. గాలి పెంచితే చెత్త పోతుంది, గింజ కూడా పోతుంది. పరీక్ష చేసేది ఈ మధ్య దారి ఎక్కడుందో కనిపెట్టడానికే. ఎటువైపు మొగ్గాలనే దానికి ఒక తేలికైన సూత్రం ఉంది: విడవని కాయను ఏరి మళ్ళీ మిషన్‌లో వేయొచ్చు, చెత్తను చేటతో తీసేయొచ్చు. పగిలిన గింజ మళ్ళీ అతుక్కోదు, పొట్టులో పోయిన గింజను ఎవరూ వెతకరు. కాబట్టి పోతే తిరిగిరాని నష్టాన్నే ముందు తగ్గించాలి.

ఒక్కసారి చేసిన పరీక్షను నమ్మొద్దు. ఒకే సర్దుబాటుతో కనీసం మూడుసార్లు చేసి సగటు తీయండి.

ఏ తప్పుకు ఏం చేయాలి?

గింజ ఎక్కువ పగులుతుంటే: డ్రమ్ము వేగం తగ్గించండి, డ్రమ్ముకూ జాలికీ మధ్య సందు కాస్త పెంచండి. పంట మరీ ఎండిపోయి ఉంటే నడి ఎండలో నూర్చకండి.

కాయలు విడవకుండా వస్తుంటే: పంట ఇంకా ఆరాలేమో చూడండి. ఆరే ఉంటే సందు కొంచెం తగ్గించండి, తోసే జోరు తగ్గించండి. ఓల్టేజీ పడిపోయి మోటారు మూలుగుతోందా, బెల్టు జారుతోందా కూడా చూడాలి.

పొట్టులో గింజ పోతుంటే: ఫ్యానుకు గాలి పోయే కంతను కొంత మూయండి. గుర్తుంచుకోండి, చాలా మిషన్లలో ఫ్యాను, డ్రమ్ము ఒకే మోటారుతో తిరుగుతాయి. ఒకదాని వేగం మారిస్తే ఇంకోదాన్ని కూడా సరిచూడాలి.

జల్లెడ చివర గింజ రాలుతుంటే: కంతలు మూసుకుపోయాయేమో దులపండి, లేదంటే కంత సైజు మార్చండి. పెసర, మినుము గింజకు సరిపోయే జల్లెడ శనగకు సరిపోదు.

మోటారు మాటిమాటికీ గుంజుతుంటే: కంది చెట్టు లావు మొదళ్ళు కోసేసి, కాయలున్న పై భాగాన్నే వేయండి. శనగ మొక్కల వేళ్ళకు మట్టి, రాళ్ళు అంటుకుని వస్తే దులిపి వేయండి. రాయి పడితే డ్రమ్ము పళ్ళు వంగుతాయి.

ఈ సర్దుబాట్లన్నీ మిషన్ ఆపి, కరెంటు తీసేసి, డ్రమ్ము పూర్తిగా నిలిచాకే చేయాలి.

విత్తనానికైతే ఇంకో పరీక్ష

పైకి బాగా కనిపించే గింజకు లోపల సన్నటి పగులు ఉండొచ్చు. అది వంటకు పనికొస్తుంది, మొలకకు పనికిరాదు. దీన్ని పట్టుకోవడానికి ఇంట్లోనే చేసే చిట్కా ఉంది. మిషన్‌లో నూర్చిన మంచి గింజలు 100, అదే కుప్పలోంచి చేత్తో ఒలిచిన గింజలు 100 తీసుకోండి. తడిపిన గోనెపట్టాలో వరసగా పేర్చి, చుట్టి, నీడలో పెట్టి, తేమ ఆరకుండా చూసుకోండి. వారం గడిచాక రెండింటిలో ఎన్ని మొలిచాయో లెక్కపెట్టండి. చేత్తో ఒలిచినవి 92 మొలిచి, మిషన్‌వి 78 మాత్రమే మొలిచాయనుకోండి, ఆ తేడా మిషన్ దెబ్బదే. ధ్రువీకరించిన విత్తనానికి కందిలో కనీసం 75 శాతం, శనగలో 85 శాతం మొలక ఉండాలన్నది జాతీయ ప్రమాణం. వచ్చే ఏడాది విత్తనం దాచుకునే ఇంట్లో ఆ కొద్ది కిలోలైనా మెల్లగా తిప్పి గానీ, చేత్తో కొట్టి గానీ తీయడం మంచిది.

కొనేవాళ్ళు ఏం అడగాలి?

కొత్త మిషన్ కొనేటప్పుడు డీలరును పరీక్ష రిపోర్టు అడగండి. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర వ్యవసాయ శాఖ ఆధ్వర్యంలో దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్ష సంస్థ ఉంది. ఇలాంటి సంస్థలే మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో, హర్యానాలోని హిసార్‌లో కూడా ఉన్నాయి. కంపెనీలు పంపిన యంత్రాలను అక్కడ పరీక్షించి రిపోర్టు ఇస్తారు. 2014–15లో మొదలైన వ్యవసాయ యాంత్రీకరణ ఉప పథకం కింద సబ్సిడీ కావాలన్నా మిషన్‌కు గుర్తింపు పొందిన సంస్థ పరీక్ష జరిగి ఉండాలి.

రిపోర్టు చేతికి వచ్చాక మొదట చూడాల్సింది పంట పేరు. "మల్టీక్రాప్" అని రాసి ఉన్నంత మాత్రాన కందిలో పరీక్షించినట్టు కాదు. థ్రెషర్ల కోసం బీఐఎస్ రాసిన పరీక్షా పద్ధతి ఐఎస్ 6284 ధాన్యపు పంటలను దృష్టిలో పెట్టుకున్నది. గోధుమలో మంచి మార్కులు తెచ్చుకున్న మిషన్ కందిలో కూడా తెస్తుందని అనుకోలేం. మీ పంట పేరు రిపోర్టులో లేకపోతే, డబ్బు కట్టక ముందే మీ కళ్ళంలో డెమో అడగండి, పైన చెప్పిన లెక్క మీరే వేయండి.

వడ్డీ అప్పు వద్దనుకుని అన్నదమ్ములో, స్నేహితులో నలుగురు కలిసి మిషన్ కొనే కుటుంబాలకు ఈ కాగితం ఇంకా అవసరం. ఏ వేగంలో ఎంత జోరు, ఎంత కరెంటు, ఎంత నష్టం అని సంతకాలతో ఒక షీటు ఉంటే, రేపు లాభం పంచుకునేటప్పుడు "నీ రోజున మిషన్ సరిగా నడపలేదు" అనే మాట రాదు.

కిరాయి పద్ధతిలోనే చిక్కు

చాలా ఊళ్ళలో కిరాయి బస్తాకు ఇంత అని ఉంటుంది, కొన్నిచోట్ల గంటకు ఇంత. బస్తా లెక్కైతే మిషన్ ఓనరుకు తొందర, కాబట్టి వేగం పెంచుతాడు. పగిలిన గింజ నష్టం రైతుది. గంట లెక్కైతే ఓనరుకు తొందర లేదు, రైతుకు తొందర. అప్పుడు రైతే "ఇంకా తోయండి" అని ఎక్కువ తోయిస్తాడు. రెండింటిలోనూ గింజ గురించి ఆలోచించేవాళ్ళు లేరు.

పై ఉదాహరణ ప్రకారం 20 క్వింటాళ్ళ పంటకు ఎక్కువ వేగంలో 10 గంటలు, తక్కువ వేగంలో 12 గంటలు పడుతుంది. ఆ రెండు గంటలు ఎక్కువ తిప్పితే పొట్టులో పోయే గింజ 10 కిలోలు మిగులుతుంది. 8,000 ధర లెక్కన అదే 800 రూపాయలు. బద్దలయ్యే గింజ ఇంకో 26 కిలోలు తగ్గుతుంది. కాబట్టి మెల్లగా తిప్పినందుకు క్వింటాలుకు కొంచెం కిరాయి ఎక్కువిచ్చినా రైతుకు లాభమే, ఓనరుకూ నష్టం లేదు. కాకపోతే ఆ మాట బేరం రోజే అనుకోవాలి: "భయ్యా, పగిలింది రెండు శాతం దాటొద్దు, దాని కోసం ఇంత ఎక్కువిస్తా." చేతిలో కాటా ఉంటేనే ఈ మాటకు విలువ.

తూకం మన దీన్‌లో చిన్న విషయం కాదు. తూకంలో మోసం చేసేవాళ్ళ గురించి ఖురాన్‌లో సూరా ముతఫ్ఫిఫీన్ పేరుతో ఒక సూరానే ఉంది. పంట మీద ఉష్ర్ కూడా తూకం తేలాకే తెలుస్తుంది: వర్షాధారంగా పండితే పదో వంతు, నీళ్ళు కట్టి పండిస్తే ఇరవయ్యో వంతు. హనఫీ ఉలమా చెప్పే ప్రకారం ఖర్చులు తీసేయక ముందు దిగుబడి మీదే ఈ లెక్క. కాబట్టి మిషన్ కిరాయిని గింజ రూపంలో ఇచ్చే ఇళ్ళలో, ఇవ్వక ముందే మొత్తం తూకం రాసి పెట్టుకోవడం మంచిది. ఎవరి పొలం, ఎవరి కౌలు అనే దాన్ని బట్టి వచ్చే సందేహాలకు దగ్గర్లోని ఆలిమ్‌ను అడగండి.

తాండూరు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరుకు తగ్గ ధర రావాలంటే మంచి నేల, మంచి విత్తనంతో పాటు గింజ పగలకుండా బస్తాలోకి చేరాలి. ఈసారి మిషన్ కళ్ళంలోకి వచ్చినప్పుడు మొదటి అరగంట పట్టాలు పరిచి లెక్క చూసుకోండి. ఆ తర్వాతే మిగతా కుప్ప వేయండి.